సరిహద్దు దగ్గర ఆగిన సంచులు

కువైట్‌లో, ఫర్వానియా అనే పేటలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేను పదకొండేళ్ళు నర్సుగా పనిచేశాను. అక్కడ ల్యాబులో రక్తం తీసే పాలస్తీనా ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్దది. చేరిన మొదటి వారమే పాత నర్సులు నన్ను హెచ్చరించారు. ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఆవిడ మనుషులు వాళ్ళ పక్షం చేరారట, అంటీముట్టనట్టు ఉండమన్నారు. నిజమా అని నేను ఎవరినీ అడగలేదు. ఏడాదిపాటు ఆవిడ పక్కన కూర్చుని అన్నం తినలేదు. రాయడానికి సిగ్గుగానే ఉంది. రాయకపోతే మాత్రం తర్వాతి కథలో నేనేదో మంచిదాన్నని అనిపిస్తుంది.

ఆవిడ కువైట్‌లోనే పుట్టింది. వాళ్ళ అమ్మ అక్కడి బడిలో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు అక్షరాలు నేర్పింది. యుద్ధం అయ్యాక పాలస్తీనా వాళ్ళలో చాలామందికి ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, మళ్ళీ ఇవ్వలేదు. తల్లీ తమ్ముడూ నానా తిప్పలు పడి గాజా చేరారు. భర్తకు పూచీ ఉండే మంచి కఫీల్ దొరకబట్టి ఈవిడ మిగిలింది. ఈవిడ దగ్గరున్నది పాస్‌పోర్టు కాదు, గాజా మనుషులకు ఈజిప్టు ఇచ్చే ప్రయాణపత్రం. దానితో బయటికి వెళ్తే మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. అప్పటినుంచి తల్లిని చూడనేలేదని ఆవిడ నాతో మొదటిసారి చెప్పిన రోజున, నేను సెలవు టికెట్టు చేతిలో పట్టుకుని అందరికీ చూపించుకుంటున్నాను.

తర్వాత గాజాలో ఎన్నికలయ్యాయి. అక్కడి జనం వేసిన ఓటు పెద్ద దేశాలకు నచ్చలేదు. సాయం ఆపేశారు. అక్కడికి డబ్బు పంపాలంటే బ్యాంకులు భయపడ్డాయి. ఆ మరుసటి ఏడాది ఇజ్రాయెలూ ఈజిప్టూ గాజా దారులే మూసేశాయి. ఇవన్నీ నేను టీవీలో అక్షరాలు పరుగెత్తే చోట చూసి మర్చిపోయేదాన్ని. ఆవిడ తల్లికి పేగు క్యాన్సరు ఆపరేషన్ జరిగేదాకా.

ఆ ఆపరేషన్లో ఒక్కోసారి పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుడతారు. మలం అక్కణ్ణుంచే వస్తుంది. దాని మీద ఒక సంచి అంటించుకోవాలి. మంచి సంచి ఉంటే మనిషి బట్టలు కట్టుకుని పెళ్ళికైనా వెళ్ళొచ్చు, పక్కవాళ్ళకు తెలియదు. లేకపోతే చుట్టూ చర్మం కాలినట్టై పచ్చిపుండు పడుతుంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ పరీక్షగొట్టాల మీద పేర్లు అంటిస్తూ, తల ఎత్తకుండా అంది: "ఆస్పత్రిలో సంచులు అయిపోయాయట. అమ్మ రొట్టెల కవరు కట్టుకుంటోంది. గుడ్డ చుట్టి, పైన టేపు వేసి." ఇంకో గొట్టం అందుకుని, "రుమాలు ఇస్త్రీ చేయకుండా బడికి వెళ్ళేది కాదు మా అమ్మ," అంది.

నేను తెప్పిస్తానని మాటిచ్చాను.

నా గదిలో ఉండే ఆమెది రాయచోటి దగ్గర. ఒక కువైటీ ఇంట్లో పని చేసేది, ఆ ఇంటావిడను మామా అనేది. ఈ సంగతి చెబితే కసురుకుంది. "మనకే దిక్కు లేదు ఈడ. నీకెందుకు మే వాళ్ళ యవ్వారం?"

రెండు వారాలు తిరక్కముందే అదే మనిషి మూడు డబ్బాలు మోసుకొచ్చి నా మంచం మీద పడేసింది.

"మా మామా వాళ్ళ నాయన సచ్చిపోయినాడు గదా. ఆయప్ప గది ఖాళీ చేసి అంతా చెత్తలో ఎయ్యమనింది. నువ్వు చెప్పిన సంచులు ఇయ్యేనా, చూడు."

అవే. సీలు కూడా తీయలేదు. ఒక్క మనిషికి ఏడాది దాకా సరిపోతాయి. "మామాను అడిగే తెచ్చినా మే, దొంగతనం గాదు," అంది ఆమె, నేనేమీ అనకముందే.

మర్నాడు నేనూ ల్యాబు ఆవిడా కలిసి కొరియర్ ఆఫీసుకు వెళ్ళాం. కౌంటరులో ఉన్న మలయాళీ కుర్రాడు కంప్యూటరు చూసి, "గాజా పేరే ఇందులో రావట్లేదు చేచీ," అన్నాడు. రెండో ఆఫీసులో, వైద్య సామాను గనక పైనుంచి అనుమతి కావాలన్నారు. పైన అంటే ఎవరో వాళ్ళకూ తెలియదు. మూడో చోట ఆవిడ ప్రయాణపత్రం చూసి పెట్టె తూయనైనా తూయలేదు. అదే బల్ల మీద నేను భీమవరంలో మా ఇంటికి పంపే రెండు దుప్పట్లూ పాలపొడి డబ్బాలూ మాత్రం తీసుకుని, నవ్వుతూ రసీదిచ్చారు. ఆ రసీదు ఆవిడ చూడకుండా బ్యాగులో దాచుకున్నాను.

చివరికి క్లినిక్ అంబులెన్సు నడిపే ఈజిప్టు డ్రైవరు సెలవు మీద వెళ్తూ పెట్టె పట్టుకెళ్ళాడు. కైరో నుంచి అరీష్, అక్కణ్ణుంచి సరిహద్దు. అతని బావమరిది దాన్ని గేటు దగ్గరికి నాలుగుసార్లు తీసుకెళ్ళాడు. రెండుసార్లు గేటు మూసి ఉంది. ఒకసారి రోగుల్ని మాత్రమే వదిలారు. ఒకసారి, మనుషులకే ఈ దారి, సామానుకు కాదన్నారు. గోడకు అవతల ఆవిడ తమ్ముడు ప్రతిసారీ వచ్చి నిలబడి వెళ్ళిపోయేవాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆవిడ తల్లితో మాట్లాడుతూ ఫోను నా చేతికిచ్చి, "నువ్వు నర్సువి కదా, పుండు గురించి నువ్వే చెప్పు," అంది. ఈలోగా పేషెంటు రావడంతో లోపలికి వెళ్ళింది. నాకు అప్పటికి అరబీ బాగానే వచ్చు. ఉప్పునీళ్ళతో కడగమన్నాను, గాలి తగలనివ్వమన్నాను. ఇంకేం చెప్పగలను?

"మంట తగ్గిందమ్మా," అంది ముసలావిడ. గొంతు సన్నగా ఉన్నా ప్రతి మాటా విడివిడిగా, పలక మీద రాసినట్టు పలికింది. "ఇప్పుడు సంచి అంతగా అవసరం రావట్లేదు."

"ఎందుకని?"

"తక్కువ తింటే తక్కువ పని కదా బిడ్డా."

"ఏం తింటున్నారు?"

"పొద్దున టీ. సాయంత్రం కొంచెం రొట్టె. కోడలు నా గుడ్డలు ఉతకాలి, నీళ్ళు రోజూ రావు. మా అమ్మాయికి చెప్పకు."

నేను గట్టిగా మందలించాను. తింటానని ఒప్పుకుంది, పెద్దవాళ్ళు పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఒప్పుకున్నట్టు. కూతురు తిరిగొచ్చి ఏమందని అడిగింది. మంట తగ్గిందట అన్నాను. అంతే చెప్పాను.

ఆ తర్వాత ఏడు వారాలకు ముసలావిడ పోయింది. జ్వరం మూడు రోజులే వచ్చిందట. తట్టుకోవడానికి ఒంట్లో ఏమీ లేదు. కాగితం మీద గుండె ఆగిందని రాశారు. అలాంటి కాగితాలు నేనూ చాలా నింపాను. గుండె ఆగకుండా పోయినవాళ్ళు ఎవరూ ఉండరు.

కూతురి ఇంటికి సంతాపానికి వెళ్ళాను. చక్కెర లేని కాఫీ, ఖర్జూరాలు, గోడల వెంట కుర్చీల్లో ఆడవాళ్ళు. మా క్లినిక్ యజమాని భార్య కూడా వచ్చింది. "పెద్ద వయసే కదా, అల్లా కష్టం లేకుండా తీసుకుపోయాడు," అని కూతురి భుజం తట్టింది. ఆవిడ తల ఊపింది. నాకు ఆ కాఫీ కప్పు నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కప్పు ఖాళీ చేసి, ఇంక చాలన్నట్టు అటూ ఇటూ ఆడించి, మర్యాదగా తిరిగిచ్చాను.

నెల తర్వాత డ్రైవరు పెట్టె వెనక్కి తెచ్చాడు. ఎక్కడో విప్పి, వెతికి, వేరే టేపు వేశారు. ఒక్క సంచీ పోలేదు. అంత నిజాయితీగా కాపలా కాశారు.

ఆవిడ పెట్టెను బల్ల కిందికి తోసి నా వైపు చూసింది. "అమ్మ తిండి తగ్గించేసిందని తమ్ముడు ఇప్పుడు చెప్పాడు. నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను. "చెప్పొద్దంది."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చెప్పుంటే నేనేం చేసేదాన్ని?" అంది.

బయట నంబరు పిలిచారు. ఒక బిహారీ మేస్త్రీ ఇఖామా కోసం రక్తపరీక్షకు వచ్చి చొక్కా చెయ్యి మడుచుకుంటున్నాడు. ఆవిడ కొత్త గ్లవ్స్ తొడుక్కుని, "భయపడకు, చీమ కుట్టినట్టే ఉంటుంది," అని అతనికి హిందీలో చెప్పి సూది గుచ్చింది.