సుంకప్ప చేతికి వట్టివేరు సబ్బు

నాకు నోరెక్కువని ఆదోని పత్తిబజారులో అందరికీ తెలుసు. తిట్టాల్సినవాణ్ణి గట్టిగా తిడతాను, మంచివాడైతే అదీ గట్టిగానే చెబుతాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా మా ఇంటికొచ్చి గడ్డం గీస్తున్న మంగలి సుంకప్ప గురించి చెప్పకపోతే ఈ నోరెందుకు?

ఆది, బుధవారాల్లో ఎనిమిది కొట్టేసరికి వస్తాడు. పెట్టె కింద పెట్టి, మాటా పలుకూ లేకుండా మా ఆయన గడ్డాన్ని అరచేత్తో తడుముతాడు. వెంట్రుక ఏ వైపు తిరిగిందో చూసుకోవడమట అది. చెయ్యి తగలగానే మా ఆయన "వచ్చినావా సుంకప్పా" అంటారు. షుగరు వల్ల ఆయనకు చూపు పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు మతిమరుపు కూడా మొదలైంది. కన్నకొడుకు గొంతే ఒక్కోసారి పోల్చుకోలేరు గానీ, ఆ చేతిని మాత్రం మరిచిపోలేదు.

నిరుడు ఎండాకాలంలో ఆ చేతులు చెడిపోయాయి. తన దుకాణానికొచ్చే కుర్రాళ్ళు అడుగుతున్నారని సబ్బు మాని డబ్బాలో వచ్చే గడ్డం నురగ వాడి వాడి, వేళ్ళ సందులన్నీ పగిలి నెత్తురొచ్చింది. డాక్టరు మలాము రాసిచ్చి, ఆ నురగైనా మానెయ్యి, పనైనా మానెయ్యి అన్నాడట. సుంకప్ప రబ్బరు చేతొడుగులు వేసుకుని వచ్చాడు.

చెంపకు రబ్బరు తగలగానే మా ఆయన తల వెనక్కి లాక్కున్నారు.

"ఎవరప్పా నువ్వు?"

"నేనేన్నా, సుంకప్పను."

"సుంకప్ప చెయ్యి నాకు తెల్దా? నువ్వు కాదు. పో ఈడనుంచి."

నెల రోజులు ఇదే వరస. నేను ఎంత నచ్చజెప్పినా వినలేదు. బిగుసుకుని కూర్చునేవారు, కత్తి ఎక్కడ కోస్తుందోనని నేను పక్కనే కాపలా నిలబడేదాన్ని. ఒక బుధవారం సుంకప్ప సగం గడ్డంతోనే ఆపేసి కత్తి మడిచాడు.

"అమ్మా, ఇంగ నేను రాను. అన్న నన్ను ఎవురో కానోణ్ణి సూసినట్ల సూస్తాంటే నా పానం ఒప్పడంల్యా."

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దుఃఖమొస్తే నాకు కోపమే వస్తుంది. "బాగుంది సంబడం! నువ్వు రాకపోతే నేను గీయాలనా? నీ చేతులకు పడే సబ్బు నేనే చేస్తా, ఉండు" అనేశాను. అందాకా చేతొడుగులతోనే వచ్చిపోతానని ఒప్పుకున్నాడు. అన్నాను గానీ, సబ్బు సంగతి నాకేం తెలుసు!

పక్కింటి అనఘ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. కొబ్బరినూనె, ఆముదం, కాస్టిక్ సోడా లెక్కలన్నీ కాగితం మీద రాసిచ్చింది. వాసన లేకుంటే దుకాణంలో గిరాకీలు కూర్చోరని సుంకప్ప అంటే, నేను వట్టివేరు తెప్పించాను. వేసవి వస్తే మా ఇళ్ళలో నీళ్ళకుండలో వేసేది అదే. ఆ వేర్లు నానబెట్టి, ఆ నీళ్ళలోనే కాస్టిక్ కలిపాను. నెల ఆరబెట్టి చూస్తే తడిసిన గోనెసంచి కంపు!

అనఘ పడీపడీ నవ్వింది. "పెద్దమ్మా, అంత ఘాటులో మీ కుండ వాసన బతుకుతాదా? వేరు నుంచి తీసిన తైలం తెచ్చి, సబ్బు ఉడికి సల్లారినాక కలపండి. కొంచెమే. ముందు మీ చేతికి రాసి సూసుకోండి."

అలాగే చేశాను. ఆరిన బిళ్ళను సుంకప్ప ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు.

"తిట్టాకమ్మా. ఇప్పుడే పెరికిన గడ్డిదుబ్బు మాదిరి మన్నువాసన."

"ముందు రుద్ది చూడవయ్యా!"

వేడినీళ్ళతో కుంచె తిప్పి, మా అరుగు మీదే తన చెంపకు పూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "తొలకరి పడిన రేగడిసేను... ఉండమ్మా, మారుతాంది. నిమ్మాకు నలిపినట్ల ఉంది. ఎనకాల సన్నంగా పొగ..." గీసుకుని, తుడుచుకుని వెళ్ళిపోయాడు. అరగంటకు బజారు మూల నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఇప్పుడు బెల్లం పాకం మాదిరి తియ్యగా వస్తాంది! ఒగటే సబ్బేనా ఇది?"

డబ్బా నురగ ఆ రోజే పారేశాడు. దుకాణంలో మొదట్లో మన్నువాసనని వెక్కిరించినవాళ్ళే, తర్వాత ఆ తీపి కోసం ఇంకాస్త కూర్చుంటున్నారట. పగుళ్ళు మానడానికి ఆరు వారాలు పట్టింది. అంతా నా సబ్బే మాన్పిందని కోతలు కోయను, మలామూ పనిచేసింది.

ఆ తర్వాతి బుధవారం చేతొడుగులు లేకుండా వచ్చాడు. పెట్టె కింద పెట్టాడు గానీ, చెయ్యి చాచడానికి జంకాడు. నేను వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను. చివరికి అరచెయ్యి మా ఆయన చెంప మీద ఆనించాడు. ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టేసుకున్నారు.

"ఇన్నాళ్ళూ యాడికి పోయినావు సుంకప్పా? ఎవడెవడో వచ్చి గీకిపోతాండె."

"యాడికీ పోల్యాన్నా. ఈడనే ఉండా."

ఆ రోజు మా ఆయన మెడ ఎత్తి, పసిబిడ్డలా గీయించుకున్నారు. ఇల్లంతా వట్టివేరు వాసన. క్షౌరమైతే తలస్నానం చేసేదాకా మంగలినీ, గీయించుకున్నవాణ్ణీ ముట్టకూడదనే ఇల్లు మాది. మా అత్త పెట్టిన కట్టుబాటు, నలభై ఏళ్ళు నేనూ తప్పలేదు. ఆ పూట పోయి సుంకప్ప చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను.

"అయ్యో, నురగ అంటుతాదమ్మా!" అన్నాడు.

"అంటనీ" అన్నాను.