ఎలీ దెల్‌బోస్ తన ఊరికి వచ్చిన రోజు

వెజేర్ ఏటి ఒడ్డున నాకంటే వేగంగా సైకిలు తొక్కినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఒకసారి సున్నపురాతి కొండ దిగుతుంటే గాలికి ఎగిరిన నా టోపీ, నాకంటే పది నిమిషాలు ఆలస్యంగా ఊళ్లోకి వచ్చింది. నమ్మకపోతే వెళ్లి టోపీనే అడగండి, ఇప్పటికీ లూసెట్ ఫార్జ్ కాఫీ హోటల్లో కొక్కేనికి వేలాడుతోంది. చదువంటారా, ఫ్రాన్స్ నదుల పేర్లు చెప్పమని పంతులు నిలదీసిన రోజున, కిటికీలోంచి మా ఏటిని చూపించి, అదే కిటికీలోంచి దూకి వచ్చేశాను. మళ్లీ వెనక్కి వెళ్లలేదు.

కానీ ఇది నా కథ కాదు. ఒక్క అబద్ధం కూడా మోయలేని మనిషి కథ.

ఎలీ దెల్‌బోస్ మా సాన్-కాప్రేలో మంగలి. నలభై ఏళ్లు ఊరి గడ్డాలు గీసి, ఎనిమిదేళ్ల కిందట దుకాణం మూశాడు. డెబ్భై తొమ్మిదేళ్ల వయసులోనూ గోధుమరంగు తోలు సీటు వేసిన పాత ఉక్కు సైకిలు మీద, ఎవరో పిలిచినట్టు ఏటి వెంట వెళ్లిపోయి, రాత్రికి రైల్లో తిరిగొచ్చేవాడు. మా సైకిలు సంఘంలో ప్రతివాడికీ ఒక అట్ట కార్డు ఉంటుంది. ఏరు పుట్టిన చోటి నుంచి పెద్ద నదిలో కలిసే చోటు దాకా ముప్పై రెండు ఊళ్లకు ముప్పై రెండు గళ్లు. కనీసం ముప్పై కిలోమీటర్లు సైకిలు తొక్కి ఆ ఊరు చేరి, అక్కడి దుకాణంలో వాళ్ల చేత ముద్ర వేయించుకోవాలి. అన్నీ నిండితే చిన్న ఇత్తడి పతకం ఇస్తారు. దాని కోసం మనుషులు ముప్పై ఏళ్లు తొక్కుతారు. నేను రెండు వేసవుల్లో ముగించాను. ఎలాగో తర్వాత చెబుతాను.

ఎలీ కార్డు ఈ శరత్కాలంలో నిండింది. ఆదివారం సంఘం భోజనంలో లూసెట్ అతనికి పతకం పెట్టాలి. సంఘం కార్యదర్శి ఆమే. ఎలీ దుకాణం మూసినప్పటి నుంచి మా ఊరి ముద్ర కూడా ఆమె దగ్గరే ఉంటోంది.

బుధవారం ఎలీ మా ఇంటి గుమ్మంలో నిలబడి, రేపు తనతో లా ఫెర్యేర్ దాకా రైల్లో వస్తావా, అక్కడి నుంచి తొక్కుకుంటూ తిరిగి రావాలి అన్నాడు. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. నవంబరులో అతని మోకాలికి ఆపరేషను. ఆ తర్వాత సైకిలు లేదని డాక్టరు తేల్చేశాడు. అంత పని ఏమొచ్చిందని అడిగితే కార్డు చూపించాడు. మా ఊరి గడిలో వంకాయరంగు ముద్ర వెలిసిపోయి ఉంది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, గిరాకీ లేక మంగలి కుర్చీలో కూర్చుని తన చేత్తో తానే వేసుకున్నాడట.

"మన ఊరే కదా అనుకున్నాను," అన్నాడు. "నేనెప్పుడూ ఇక్కడే ఉన్నాను. రావడం అనేది మాత్రం ఒక్కసారీ జరగలేదు."

నేను నవ్వాను. నా జీవితంలో నేను ఆడిన తొండితో పోలిస్తే ఇది పావు వంతు కూడా కాదన్నాను. అతను నవ్వలేదు. ఆదివారం లోపల ఆ గడి నిజం కావాలి, లేదంటే పతకం వద్దు. అంతే.

గురువారం పొద్దున లా ఫెర్యేర్ స్టేషన్‌లో దిగేసరికి లోయ లేదు. మంచు ఉంది, అంతే. ఏరు ఎక్కడుందో చప్పుడును బట్టి తెలుసుకుంటూ తొక్కాం. పాప్లర్ చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి బయటికి వచ్చి, మేము దాటగానే లోపలికి వెళ్లిపోయేవి. దారి మీద అక్రోటుకాయలు రాలి పడి ఉన్నాయి. చక్రం కింద పటపటమనేవి. ఒడ్డున బోర్లించిన పడవల మీద ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి, మమ్మల్ని కలలో చూస్తున్నట్టు చూసింది. ఎలీ దారి మీదే కళ్లుంచి తొక్కాడు. నేనే పోర్చుగల్ దాకా బ్రేకులు లేకుండా వెళ్లొచ్చిన సంగతి చెబుతూ పోయాను. ఎప్పటిలాగే కొంచెం పొడిగించాను కూడా.

పన్నెండింటికి మంచు విడింది. లేతపసుపు కొండచరియల కిందికి దూరి కట్టిన ఇళ్లు, పలక రాళ్ల కప్పులు, వాటి మీద పొగ, అన్నీ నీళ్లలో తలకిందులుగా మరోసారి కనిపించాయి. ఒక రైతు హోటల్లో వెల్లుల్లి సూప్ తాగాం. అడుగున కొంచెం మిగిల్చి, అందులో ఎర్ర వైను పోసి, గిన్నె ఎత్తి తాగేశాడు ఎలీ. అదొక్కటే అతను ఆ రోజు తీసుకున్న మందు.

ఆఖరి ఎత్తు దగ్గర మోకాలు మొరాయించింది. సైకిలు దిగి రాయి మీద కూర్చున్నాడు. ముఖం సున్నంలా ఉంది. ఇంకా నాలుగు కిలోమీటర్లు. అప్పుడే అక్రోటు బస్తాల ట్రాలీతో ఒక ట్రాక్టరు ఆగింది. ఎక్కమన్నాడు రైతు. నేను ఎలీ చెవిలో, ఊరి వంతెన ముందు దిగిపోదాం పెద్దాయనా, ఎవరికి తెలుస్తుంది అన్నాను.

"తెలిసినవాడు ఒకడున్నాడోయ్," అన్నాడు ఎలీ. "అరవై ఏళ్లుగా రోజూ పొద్దున అద్దంలో వాడికే గడ్డం గీస్తున్నాను."

ట్రాక్టరు వెళ్లిపోయింది. సైకిలు నడిపించుకుంటూ ఎత్తు ఎక్కడం తప్పు కాదని నియమంలోనే ఉంది. ఎక్కాం. ఎంతసేపు పట్టిందంటే, నేను మొదలుపెట్టిన పోర్చుగల్ కథ ముగిసింది. అలా ముగియడం అదే మొదటిసారి.

పైకి చేరాక అతను ఆగిపోయాడు. కింద ఏరు మెలిక తిరిగిన చోట ఒక చిన్న ఊరు ఉంది. మూడు కమానుల వంతెన, పొట్టి గంటగోపురం, సాయంత్రపు ఎండలో తేనెలా మెరిసే గోడలు. ఎలీ చాలాసేపు చూశాడు.

"ఏ ఊరది?" అన్నాడు.

నేను వెక్కిరించబోయి ఊరుకున్నాను. అతను నిజంగానే అడుగుతున్నాడు. ఈ వైపు నుంచి, ఇంత అలసటతో, అతను ఆ ఊరిని ఎప్పుడూ చూడలేదు. సాన్-కాప్రే అని చెప్పాను. బాగుందే, అన్నాడు. సైకిలెక్కి, బ్రేకుల మీద చేతులుంచి, పరాయివాడిలా మెల్లగా దిగాడు. వంతెన మీద పిండి బస్తా మోస్తున్న మనిషికి నమస్కారం పెట్టాడు. నలభై ఏళ్లు తాను క్షవరం చేసిన తలకాయే అది.

లూసెట్ గల్లాపెట్టె వెనక గ్లాసులు తుడుస్తోంది. ఎలీ కార్డు ముందు పెట్టి, ఎనభై నాలుగు సంగతి మొత్తం చెప్పాడు. ఏదీ దాచలేదు. గడి కొట్టేస్తే కొట్టెయ్యమన్నాడు. లూసెట్ కళ్లజోడు పెట్టుకుని కార్డు చూసింది, అతని మోకాలి బురద చూసింది. తర్వాత ముక్కూ మొహం తెలియని ప్రయాణికుణ్ణి అడిగినట్టు అడిగింది.

"ఎక్కడి నుంచి వస్తున్నారు?"

"లా ఫెర్యేర్ నుంచమ్మా."

సొరుగు లాగి, ముద్ర తీసి, పాత ముద్ర మీదే కొట్టింది. కొంచెం పక్కకు పడింది. పాతది వెలిసి, కొత్తది తడిగా, వంతెనా దాని నీడా లాగా రెండు సాన్-కాప్రేలు కనిపించాయి. ఎలీ దాన్ని ఊదుతూ కూర్చున్నాడు. ఇంకు ఎప్పుడో ఆరిపోయినా ఊదుతూనే ఉన్నాడు.

లూసెట్ ముద్రను సొరుగులో పెట్టేసింది. అదే సొరుగులోంచి తన కార్డు తీసి మా ముందు పడేసింది. మా ఊరి గడిలో ముద్ర తీర్చిదిద్దినట్టు నిటారుగా ఉంది.

"చెప్పులు కూడా వేసుకోలేదయ్యా ఆ రోజు," అంది. "ఈ బల్ల మీదే ముద్ర కొట్టుకున్నాను."

శనివారం హోటలు మూసి ఆమె లా ఫెర్యేర్ రైలెక్కింది. సాయంత్రం వంతెన మీద ఎలీ ముద్ర పట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సైకిలు మీద రొప్పుతూ వచ్చిన ఆమెను, ఎక్కడి నుంచి వస్తున్నారని మర్యాదగా అడిగాడు. ఆదివారం భోజనంలో పతకం పెట్టేటప్పుడు కాళ్ల నొప్పులతో ఇద్దరూ సరిగ్గా నిలబడలేకపోయారు. ఈ సంగతి బయటికి పొక్కగానే బల్ల చుట్టూ సగం మంది సూప్ గిన్నెల్లోకి తలలు దించారు. ఆ తర్వాతి వారాల్లో లా ఫెర్యేర్ రైల్లో సైకిళ్లకు చోటు దొరకలేదు.

నా కార్డు చూపించమని లూసెట్ అడిగింది. ముద్రలు ముప్పై రెండూ ఉన్నాయి. వాటిలో ఎన్నింటిని బంగాళాదుంప ముక్క మీద చెక్కానో చెప్పను. వసంతం రాగానే ఏరు పుట్టిన చోటి నుంచి మొదలుపెడుతున్నాను. ఈ ఒక్క మాటా నమ్మండి.