మూత వెయ్యని ల్యాప్‌టాప్

మా మరిదికి ఇంట్లో మేం పెట్టిన పేరు కాపలాదారు. అంబులెన్సుల కంట్రోల్ రూంలో అతని ఉద్యోగం. ఎవరైనా ఫోన్ చేస్తే దగ్గర్లో ఏ బండి ఉందో చూపించే సర్వర్ అతని చేతిలోనే ఉండేది. మొదటిరోజు, పనిచేస్తుందో లేదో చూద్దామని తన ల్యాప్‌టాప్‌లో ఒక విండో తెరిచి, అక్కణ్ణుంచే దాన్ని స్టార్ట్ చేశాడు. పనిచేసింది. ఇక ఆపడానికి పైవాళ్ళు ఒప్పుకుంటేనా! మూత మూస్తే విండో పోతుంది, ఆ విండో పోతే సర్వరూ పోతుంది. విండోతో పనిలేకుండా వెనకాల నడిచేలా పెట్టొచ్చట, కానీ అందుకు ఒక్కసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.

అందుకని ల్యాప్‌టాప్ ఎప్పుడూ తెరిచే ఉండేది. బస్సులో ఒళ్ళో, మంగలి దగ్గర పక్క కుర్చీలో. చూస్తే నాకు ఒళ్ళు మండేది. "రేపు మార్చేస్తా వదినా" అనేవాడు. రేపటికి రూపు లేదని ఊరికే అన్నారా?

అత్తయ్యకు మాత్రం ఆ యంత్రం మీద జాలి. "దాన్నీ కాసేపు కన్ను మూయనివ్వరా" అనేది.

ఆ ఆదివారం అతను స్నానానికి వెళ్ళాడు. అత్తయ్య బల్ల తుడిచి, వంటింట్లోకి వచ్చి, గుండె పట్టుకుని కుప్పకూలింది. నా కేకకు మరిది తడి ఒంటితోనే పరుగెత్తుకొచ్చి ఫోన్ అందుకున్నాడు.

"అన్నా, ఇందాకట్నుంచి నీకే చేస్తున్నా!" అవతల కంట్రోల్ రూం అమ్మాయి ఏడుస్తోంది. "స్క్రీన్ మీద ఒక్క బండీ కనిపించట్లేదు!"

అతను బల్లవైపు చూశాడు. ల్యాప్‌టాప్ మూసి ఉంది.

"నేనే మూశాన్రా," అంది అత్తయ్య, ఊపిరందక. "వేడెక్కిపోయింది, పాపం."

తల్లి తల ఒళ్ళో పెట్టుకుని ఒంటిచేత్తో టైపు చేశాడు. తప్పులు పడ్డాయి. చెరిపాడు, మళ్ళీ కొట్టాడు. నేను అరికాళ్ళు రుద్దుతూ తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. సర్వర్ మాత్రం తన తీరికన తాను లేచింది.

"వచ్చాయన్నా! మీ వీధి చివరే ఉంది ఒకటి!"

ఇంతసేపూ అది అక్కడే ఉందన్నమాట. అది గుమ్మంలోకి వచ్చేసరికి అత్తయ్య పాదాలు నా చేతుల్లో చల్లబడిపోయాయి.

పరామర్శకు వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక చూస్తే ల్యాప్‌టాప్ మూసి ఉంది. గట్టిగా అరిచాను.

"మళ్ళీ ఎవరు మూశారు!"

"నేనే వదినా. ఇక మూసినా ఆగదు. ఇందాక మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడే వెనకాల నడిచేలా పెట్టా."

"అంత కంగారులోనా? ఎంత పనది?"

"ఒక్క లైను," అని గోడకేసి తల బాదుకున్నాడు.