మరగబెట్టని చాయ్ కోసం కరీంనగర్ దాకా

మొన్న మంగళవారం కూడా మంచిర్యాలలో మా ఇంట్లో ఎప్పటిలాగే తెల్లవారింది. దీపం పెట్టి, అల్లం దంచి, పాలు పొయ్యి మీద పెట్టాను. పాలు పొంగే వాసన రాగానే చెల్లెలు పద్మ లేచి వెనకగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆపరేషన్ తర్వాత మందులు మొదలైనప్పటి నుంచి ఆ వాసన ఆమెకు పడదు. గ్లాసులు కడిగాకే బయటికి వస్తుంది. పొద్దున అందరం కూర్చుని మాట్లాడుకునే ఆ కాసేపట్లో ఆమె లేకుండా పోయింది.

ఆసుపత్రిలో పక్క మంచం వాళ్లు ఇచ్చిన జపాన్ చాయ్ ఒక్కటే పద్మ గ్లాసు నిండా తాగింది. వేయించిన బియ్యం కలిపిన తేయాకు అది. డాక్టరమ్మ కూడా తాగొచ్చంది. ఇంటికి వచ్చాక తమ్ముడు ఆన్‌లైన్‌లో ఏదో జపాన్ పొట్లం తెప్పిస్తే, అలవాటు కొద్దీ నేను బాగా మరగబెట్టాను. పద్మ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"తప్పు చాయ్‌ది కాదక్కా, నా నోరే పోయింది" అంది.

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. మంగళవారం పనులు ముగించుకుని ఎనిమిదింటికి కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు చార్జీ లేదు. పెద్దపల్లి మీదుగా రెండు గంటల పైనే పట్టింది. బస్టాండు బయట ఆటో మాట్లాడుకుని, జపాన్ చాయ్ కొనాలని చెప్పి, విదేశీ సరుకులు అమ్మే కిరాణా దుకాణానికి పోనిమ్మన్నాను.

"జపాన్ చాయ్ కోసమా? మా గల్లీ చాయ్ ఏం పాపం చేసిందమ్మా?" అన్నాడు ఆటో అతను.

"దాంట్ల పాలుంటయి బిడ్డా."

దుకాణంలో అర నిండా జపాన్ చాయ్ పొట్లాలే. అన్నీ ఆకుపచ్చవే. వాసన చూడందే తీసుకోనన్నాను. "సీల్ ఎట్ల ఇప్పుత అమ్మా? జర ఆగుండ్రి" అంటూ దుకాణం భాయ్ తాను తాగే చాయ్ డబ్బాలు తెచ్చి ఒక్కొక్కటే మూత తీశాడు. మూడో దాంట్లో, చిన్నప్పుడు అవ్వ మూకుట్లో పేలాలు వేయించినప్పటి వాసన.

"గిదే భాయ్."

"ఎట్ల చేస్తరు?"

"మరగబెడ్త."

ఆయన నవ్వాడు. "నేనైతే మొదట్ల పాలు, చక్కెర పోసి మరగబెట్టిన. మా ఆమె నన్ను గిన్నెతో సహా బయట పెట్టింది. నీళ్లు మరిగినంక దించుండ్రి, జర వేడి తగ్గినంక ఆకెయ్యుండ్రి. ఒక్క నిమిషంల వడగట్టుండ్రి."

నూరు గ్రాముల పొట్లం నాలుగు వందల యాభై. సాయంత్రానికి ఇల్లు చేరాను. నీళ్లు దించి, వేడి తగ్గేదాకా రామనామం చెప్పుకుంటూ నిలబడ్డాను. పద్మ మొదట గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత అడుగు దాకా తాగింది.

"అవ్వ పేలాలక్కా" అంది. "నోరున్నది."

"ఇగ మల్ల మమ్ముల తిడ్తవు" అన్నాడు తమ్ముడు.

ఇన్నేళ్లూ చాయ్ అంటే మరిగించడమే అనుకున్న చేతులు నావి. ఆ పూట కావలసింది కాస్త ఆగడమే. ఇలాంటి దుకాణానికి వెళ్లేవారికి ఒక్క మాట: పొట్లం మీద పేరు చూసి కొనకండి, తెరిచిన డబ్బా ఉంటే వాసన చూపించమని మొహమాటం లేకుండా అడగండి.

ఆ రాత్రి భోజనాల దగ్గర తమ్ముడే మాట ఎత్తాడు. "రేపటి సంది ఇంట్ల పొద్దుగాల పాల చాయ్ బంద్. నేను గల్లీ చివర హోటల్ల తాగొస్త."

"నోరు కడుక్కొని రావాలె" అంది పద్మ.

అది కూడా ఖాయమైంది.