రంగు పూసిన టవరు

మా పెరట్లోని నలభై అడుగుల టవరును చూసి తోటపల్లి గూడూరు వాళ్ళు నన్ను సెల్‌ఫోన్ కంపెనీ మనిషిననుకునేవాళ్ళు. అది నా హామ్ రేడియో పిచ్చి, ఇంట్లో కూర్చునే రేడియోలో లోకంతో మాట్లాడే సరదా. దాని కొసనున్న చిన్న ఏంటెన్నాకు దూరదేశాలు పలికేవి, పక్క ఊళ్ళు పలికేవి కావు. దగ్గరి వాళ్ళతో మాట్లాడాలంటే పొడుగు తరంగాల లో బ్యాండ్ కావాలి, దానికి చాలా పొడవైన ఏంటెన్నా కావాలి. అందుకని కింది నుంచి పైకి ఒక తీగ కట్టి, టవరునే ఏంటెన్నాగా మార్చుకున్నాను. ఉప్పునేలలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ తీగ మీద బట్టలైనా ఆరేసుకోనివ్వవని మా ఆవిడ సణిగేది.

వేసవిలో, వానాకాలంలో లో బ్యాండ్ నిండా ఉరుముల గరగరే, నేను దాని జోలికి పోను. అలాంటి ఒక వేసవిలో మా బావమరిది వచ్చాడు. పులికాట్ పక్క ఊళ్ళో చేపలు పడతాడు. ఉప్పుగాలికి టవరు తుప్పు పడుతోందని వాడి బెంగ. నేను నెల్లూరు వెళ్ళిన రోజు మనుషులను పెట్టి దాన్ని దించాడు. ముక్కలు విప్పి, పడవ ఇనుముకు పూసినట్టే అతుకుల లోపల, బోల్టులకు కూడా దట్టంగా రంగు పూసి మళ్ళీ నిలబెట్టాడు.

"ఇంక శానా ఏళ్ళు దీన్ని చూసుకోబన్లేదు బావా" అన్నాడు. నేను మురిసిపోయి వాడికి కోడి కోయించాను.

వానాకాలం చివర తుఫాను వచ్చింది. బావమరిది పడవ ఒడ్డుకు తేవడానికి పోయినాడని వాడి భార్య ఫోనులో చెబుతుండగానే లైను తెగిపోయింది. మర్నాడు సాయంత్రం రేడియో సెట్టును బ్యాటరీకి తగిలించి లో బ్యాండ్ పెడితే, ఆ ఊరి జనం తలదాచుకున్న బడి నుంచి నాలాంటి హామ్ రేడియో మనిషి ఎవరో పిలుస్తున్నాడు. ఊరి పేరు వినగానే మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. తమ్ముడి కోసం ఆమె పొద్దుట్నుంచి అన్నం ముట్టలేదు.

మైకు నొక్కి జవాబిచ్చాను. అటు ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ పిలిచాను. మీటరు చూస్తే అర్థమైంది. అతుకుల్లో రంగుంటే కరెంటు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పోదు. వినడానికి ఏ తీగముక్కైనా చాలు, పలకడానికి చాలదు. వానలోనే వెళ్ళి కింది అతుకును గరుకు కాగితంతో గీకాను. మిగతావి అందనంత ఎత్తులో ఉన్నాయి, ఆ గాలికి టవరు ఎక్కడం ఎవరి వల్లా కాదు. ఏడుపొచ్చింది.

లోపలికొచ్చేసరికి రేడియోలో అతను ఇంకా మాట్లాడుతున్నాడు.

"మీ వాళ్ళెవురైనా కనబడకుంటే పేరు చెప్పండన్నా. గదుల్లో చూసొచ్చి చెప్తా. ఈడనే ఉండాను."

"అడుగయ్యా" అంది మా ఆవిడ.

పేరు చెప్పాను. ఆమె మైకు లాక్కుని తనూ చెప్పింది.

"ఎవురూ అడగలా. అంటే అందరి వాళ్ళూ క్షేమంగానే ఉన్నట్టు. సంతోషం. బ్యాటరీ దాచుకోవాల, ఆపేస్తా ఉండా" అన్నాడతను.

సెట్టు మూగబోయాక కూడా మా ఆవిడ మైకు వదల్లేదు. తమ్ముడి పేరు చెబుతూనే ఉంది.