ఎలియాస్‌ను మెట్లు దింపినవాళ్ళు

మా మెట్ల వీధిలో ఎవరు పోయినా శవపేటికకు ముందు ఎడమ పక్క భుజం ఎలియాస్‌దే. శవాన్ని తీసుకెళ్ళే కారు వీధి కిందే ఆగిపోతుంది, పైకి రాదు. తొంభై ఆరు మెట్లు, మధ్యలో రెండు మలుపులు. ఆరుగురు పట్టాలి. ముందున్నవాడికి ఒడుపు లేకపోతే లోపలి మనిషి కాళ్ళవైపుకు జారిపోతాడు. ఎలియాస్ మా ఊరు అలికాంతే రేవులో ముప్పై ఏళ్ళు మూటలు మోసినవాడు. మా ఆయన్ని దింపిందీ అతనే. కారు దగ్గర భుజం రుద్దుకుంటూ, "బతికున్నన్నాళ్ళూ ఎవరికీ బరువు కాని మనిషి, ఇవాళ నా ఎముకలు విరగ్గొట్టాడే క్లోతీ" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

నా కొడుకులిద్దరూ ఆ రోజే అతనికి మాటిచ్చారు.

"మామా, నీ వంతు వచ్చినప్పుడు మేమున్నాం."

"తొందరేం లేదులేరా," అన్నాడు ఎలియాస్.

రేవు పని మానేశాక అతనికి కుండీల పిచ్చి పట్టింది. మెట్లకు రెండు వైపులా కుండీలు పెట్టి, అన్నిటికీ నీలం రంగు పూశాడు. కొండ మీది కోట చూడ్డానికి మా మెట్లెక్కేవాళ్ళు అక్కడ ఆగడం మొదలుపెట్టారు. అంతే, మహానుభావుడు ఒక చెక్క మీద "రండి, చూడండి, ఉచితం" అని నాలుగు భాషల్లో రాసి గుమ్మానికి తగిలించాడు. వచ్చినవాళ్ళందరినీ లోపలికి పిలిచి, మట్టి కూజాలో నీళ్ళిచ్చి, వెనక వాకిలి చూపించేవాడు. "ఇది ఇల్లా, సత్రమా?" అని పెళ్ళాం ఫ్వెన్సాంత సణిగేది. కొన్నాళ్ళకు హోటళ్ళలో ఊరికే పంచే పటంలోకి కూడా ఎక్కాడు. ఖర్చు లేకుండా చూడదగ్గవి అని కోట గోడలు, సముద్రం పక్క అలల ముగ్గులా రాళ్ళు పరిచిన బాట, ఇసుక తీరం, వాటి కింద మా ఎలియాస్ ఇల్లు!

ఆ పటం పట్టుకుని జనం వస్తుంటే మాకు ఆశ పుట్టింది. ముందు పుట్టింది నాకే, దాచడమెందుకు? ఎలియాస్ ఎదురుగా ఉన్న నా ఇల్లు వారం వారం యాత్రికులకు అద్దెకిచ్చి, ఊరి చివర లిఫ్టు ఉన్న ఫ్లాటుకు మారిపోయాను. నన్ను చూసి వీధంతా అదే పని చేసింది. ఎలియాస్ మాత్రం కదల్లేదు.

"ఏమయ్యా, నీకూ కోటకూ తేడా ఏంటి? రెండూ పాతవే, రెండూ ఊరికే చూడొచ్చు," అని ఎకసెక్కెం చేసేదాన్ని.

"కోటను మొయ్యక్కర్లేదే క్లోతీ. నన్ను మొయ్యాలి, ఆరుగురు కావాలి. మర్చిపోకండి."

జూన్‌లో, సాన్ హువాన్ మంటల పండగ వారంలో, ఒక గురువారం ఎలియాస్ పోయాడు. తనను సొంత ఇంట్లోంచే తీయాలని, తను ఎవరింటి మనుషుల్ని మోశాడో ఆ ఇళ్ళవాళ్ళే తనను దింపాలని పెళ్ళాం దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. ఫ్వెన్సాంత తొమ్మిది ఇళ్ళకు ఫోన్ చేసింది. శనివారం పదకొండింటికి అంది. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ వస్తామన్నారు. "నా కొడుకులిద్దరూ వస్తారు, బెంగపెట్టుకోకు" అని నేనూ అన్నాను.

వచ్చాం కూడా. ఒక్క ఇల్లూ తప్పలేదు. కాకపోతే శనివారం అద్దెవాళ్ళు మారే రోజు. అందరం చంకలో దుప్పట్లు, చేతిలో తాళాలు పట్టుకుని వచ్చాం, ఎవరి ఇంట్లోకి వాళ్ళం దూరాం.

ఫ్వెన్సాంత నల్లబట్టలతో గుమ్మంలోకి వచ్చింది. "పిల్లలొచ్చారా క్లోతీ?"

"వచ్చారు. పరుపు మార్చేసి పది నిమిషాల్లో వచ్చేస్తారు."

పది నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. అంత్యక్రియల కంపెనీ నుంచి ఇద్దరే వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు గడియారం చూసుకున్నాడు. "అమ్మా, పన్నెండింటికి మాకు ఇంకోటుంది. మోసేవాళ్ళేరి?"

ఆమె మెట్టు మీద నిలబడి ఒక్కొక్క ఇంటినీ పేరు పెట్టి పిలిచింది. ప్రతి కిటికీలోంచీ "వచ్చేస్తున్నాం!" అనే జవాబే.

"పదకొండున్నరకి జర్మనీవాళ్ళు దిగుతారమ్మా, బాత్రూమ్ ఇంకా కడగలేదు. మిగతావాళ్ళున్నారుగా," అన్నాడు నా పెద్దకొడుకు.

చీపురు పడేసి ఫో అనాలి నేను. "మూలలు సరిగ్గా కడగరా" అన్నాను. నా నోరు పడిపోను!

ఎలియాస్ చెక్క ఇంకా గుమ్మానికే వేలాడుతోంది. తీయాలని ఎవరికీ తోచలేదు. నలుగురు కుర్ర యాత్రికులు, ఎండకు కమిలిన తొడలు, నిక్కర్లు, అది చదువుకుని లోపలికి వెళ్ళారు. ఒకడు శవపేటికను ఫోటో తీశాడు. ఇంకొకడు విషయం అర్థమై టోపీ తీశాడు. కంపెనీ మనిషి తన భుజం తట్టి చూపించి, పట్టమని సైగ చేశాడు. పాపం, కాదనలేదు. వాళ్ళు నలుగురు, వీళ్ళిద్దరు, లెక్కకు ఆరుగురే.

ముందు ఎడమ పక్క పట్టినవాడు రెండో చేత్తో ఫోన్ ఎత్తి పట్టుకుని, దిగినంతసేపూ వీడియో తీశాడు. నా ఇంటికి కాస్త కిందున్న మలుపులో కాలు మడతపడింది. పెట్టె వాలింది. లోపల దడేల్‌మని చప్పుడైంది. కుర్రవాళ్ళు భయానికి ఇకిలించారు. నేను కిటికీలో దుప్పటి దులుపుతున్నాను.

వెనక నడుస్తున్న ఫ్వెన్సాంత ఆగి తలెత్తింది.

"ఆయన మీ ఆయన్ని మోసినప్పుడు ఒక్క చప్పుడు వినపడిందా క్లోతీ?"

నేను దుప్పటి సగం లోపలికి లాక్కున్నాను.

"దులుపుకో, దులుపుకో. దుమ్ముంటే వాళ్ళు ఊరుకోరు," అని దిగిపోయింది.

మర్నాడు నేను జర్మనీవాళ్ళకు ఇంకో తాళం ఇవ్వడానికి వెళ్ళేసరికి, ఫ్వెన్సాంత నా గుమ్మం తలుపుకు ఆ చెక్క పెట్టి మేకులు కొడుతోంది.

"ఇదేంటే?" అన్నాను.

"ఉంచుకో. నువ్వు పోయిన రోజు ఇది గుమ్మానికి ఉండాలి. లేకపోతే మోసేవాళ్ళు లోపలికి రారు."

అద్దెకొచ్చినవాళ్ళకు ఆ చెక్క తెగ నచ్చింది, పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను లాగి చూశాను, రాలేదు. రేవు మనిషి పెళ్ళాం కదా, మేకులు లోతుగా దిగ్గొట్టింది. వచ్చి పీకెయ్యండ్రా అని కొడుకులకు ఫోన్ చేశాను.

శనివారం వస్తామన్నారు.