పొడిగా వచ్చిన పుల్ల

మా అక్క మొగుణ్ణి వీధి వీధంతా కాలుగాలిన పిల్లి అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే. మరదలికి ఆమాత్రం హక్కు ఉండదా? ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎవరో రెండంతస్తుల మధ్య ఇరుక్కుని తలుపులు బాదుతున్నారని ఫోనొస్తే చాలు, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే చెప్పులు తొడుక్కుంటాడు. ఆ పనికి ఆ తత్వం బాగానే సరిపోయింది. ఇంట్లోనే దానితో చావు. పాలు కాగేదాకా ఆగలేడు, మూత తీసి తీసి చూస్తాడు. టీవీలో వార్తలు కూడా నిలబడే వింటాడు. వాళ్ల ఇంటి కింది గదిలో కుట్టుమిషను పెట్టుకున్నదాన్ని నేను. నెత్తిమీద ఆయన పచార్ల చప్పుడు వింటూనే బట్టలు కుడతాను.

అలాంటి మనిషి పోయి పోయి ఓపిక కావలసిన బండినే కొన్నాడు. పాతది, బరువైన మోటారుసైకిలు. అమ్మిన షెడ్డు పెద్దాయన నా ఎదురుగానే చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"చూడు బాబూ, దీని ఆయిలు మిగతా బళ్లలాగా ఇంజను అడుగున ఉండదు. ఇదిగో, సీటు కింద ఈ ట్యాంకులో ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపూ పంపు దాన్ని ఇంజన్లోకి తోసి, మళ్లీ వెనక్కి లాగుతూ ఉంటుంది. రోజుల తరబడి కదలకుండా వదిలేశావనుకో, ట్యాంకులోది మెల్లగా ఇంజన్లోకి దిగిపోతుంది. అప్పుడు ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే పొడిగా వస్తుంది. అయిపోయిందనుకుని పోసేవు! ముందు స్టార్టు చెయ్యి. బాగా వేడెక్కనీ. ఆపి, నిటారుగా నిలబెట్టి, ఒక్క నిమిషం ఆగి, అప్పుడు చూడు."

"ఆగడమా? మా బావా?" అన్నాను.

"నువ్వు నోర్ముయ్యవే," అన్నాడు బావ, అప్పటికే కిక్కు మీద కాలేసి.

అక్క ఆయనకు పూర్తిగా తిరగేసిన మనిషి. పది మాటలు అడిగితే ఒక్కటి చెబుతుంది. రొమ్ములో గడ్డ తగిలిందని కూడా కూరగాయలు తరుగుతూ, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఆస్పత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇక రిపోర్టు కోసం ఎదురుచూపులు. బావ సెలవు పెట్టేశాడు. అక్కకు కుదుపులు తగలకూడదని టాక్సీల్లోనే తిప్పాడు. బండి మెట్ల కింద పట్టా కప్పుకుని అలాగే ఉండిపోయింది.

ఆ రోజులన్నిటిలోనూ అక్క కంట చుక్క నీరు రాలేదు. బావకు అది చూస్తే పిచ్చెక్కిపోయేది. "ఏం కాదే, నీకేం కాదు," అని పొద్దున లేచిన దగ్గర్నుంచీ ధైర్యం నూరిపోసేవాడు. పళ్లరసం తెచ్చేవాడు. పక్కింటావిడకు ఇలాగే గడ్డ వస్తే ఉత్త కొవ్వని తేలిందని చెప్పిందే చెప్పేవాడు. అక్క తలూపేది. అంతే.

"మీ అక్క ఉలకదు పలకదు. రాయా, మనిషా?" అని నా దగ్గరకొచ్చి గొణిగేవాడు. ఆయన కళ్లలో భయం చూసి నాకు తిట్టబుద్ధేసేది కాదు.

రిపోర్టు ఇస్తామన్న పొద్దున టాక్సీ ఆలస్యమైంది. బావ గేటు దాకా వెళ్లడం, రావడం, మళ్లీ వెళ్లడం.

"వస్తుంది లెండి, కూర్చోండి," అంది అక్క.

కూర్చుంటే ఆయన బావ ఎందుకవుతాడు? పట్టా లాగేశాడు. ఆయిలు కొలిచే పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, ముంచి తీశాడు. పొడిగా వచ్చింది.

"అయ్యయ్యో! ఆయిలంతా కారిపోయిందే!" అంటూ డబ్బా తెచ్చి గుబగుబా పోసేశాడు.

నా పెదాల మధ్య గుండుసూదులు. అవి తీసి మాట్లాడేసరికి ఆయన మూత బిగిస్తున్నాడు. "బావా, పెద్దాయన ఏం చెప్పాడు? ముందు స్టార్టు చెయ్యమనలేదూ?"

"రిపోర్టు వచ్చేది పెద్దాయన పెళ్లానికి కాదు, నా పెళ్లానికి!" అని కసిరాడు. అక్క వెనక ఎక్కి కూర్చుంది.

బండి వీధి వాలులో దిగింది. అడుగుకు దిగిపోయిన పాత ఆయిలునంతా పంపు ట్యాంకులోకి లాగడం మొదలుపెట్టింది. అక్కడేమో ఈయనగారు అప్పుడే నింపిపెట్టాడు. ఎక్కువైంది ఎక్కడికి పోతుంది? ట్యాంకు గాలిగొట్టంలోంచి తన్నుకొచ్చి వెనక టైరు మీద పడింది. రోడ్డు మీద నల్లగా మెరిసే చార కనిపించింది.

"బావా! ఆపు! ఆపు బావా!" మెడలో టేపుతో, ఉత్త కాళ్లతో పరిగెత్తాను.

మలుపులో వెనక చక్రం సర్రున జారింది. బండి ఒరిగింది. బావ కాలు ఆనించి, పళ్లు బిగించి, ఎలాగో పడకుండా పట్టుకున్నాడు. అక్క దిగి, మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూర్చుంది. దెబ్బేమీ తగల్లేదు. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నీకేం కాలేదు కదా? ఏం కాలేదులే, ఏం కాదు, ఏం..."

"ఇంకొక్కసారి ఏం కాదు అన్నారంటే ఊరుకోను!" అంది అక్క.

అక్క గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

"పుల్ల పొడిగా వచ్చిందని పోసేశారు. నాకూ ఇదే చేస్తున్నారు మీరు. ఏడవట్లేదని, మాట్లాడట్లేదని, పొద్దస్తమానం పోస్తూనే ఉన్నారు. నాలో ఏమీ లేదనుకున్నారా? భయముంది. ఏడుపుంది. అంతా అడుగునుంది. అది పైకి రావడానికి చోటెక్కడ ఉంచారండీ నాకు?"

బావ బండికి స్టాండు వేశాడు. వెళ్లి అక్క పక్కన కూర్చున్నాడు. మోకాలు టకటకా ఊగుతుంటే రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. టాక్సీ వచ్చి హారన్ కొట్టినా లేవలేదు. అక్క లేచాకే లేచాడు.

ఆస్పత్రికి నేనూ వెళ్లాను. గడ్డ మంచిది కాదన్నారు డాక్టరుగారు. తొందరగానే బయటపడింది కాబట్టి వైద్యంతో లొంగుతుందని, ఆ వారంలోనే మొదలుపెడదామని అన్నారు. బావ పెదాలు కదిలాయి. ఆ రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయని నాకు తెలుసు. మింగేశాడు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఆ చివర లిఫ్టు తలుపు సగం మూసుకుని కీచుమంటూ మళ్లీ తెరుచుకుంటోంది. వేరే రోజైతే ఈపాటికి దాని పీక పట్టుకునేవాడే. ఇప్పుడు తల కూడా తిప్పలేదు.

ముందు అక్క భుజాలు కదిలాయి. తర్వాత వెక్కిళ్లు. తర్వాత వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా భోరుమంది. "ఊరుకో అక్కా," అంటూ లేవబోయాను.

బావ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఆగవే," అన్నాడు. "ఏడవనీ."